మొదటి అనస్తాసియస్

మొదటి అనస్తాసియస్ (క్రీ.శ. 431 ప్రాంతం - 518 జూలై 9) తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని 491 నుండి 518 వరకు పాలించిన చక్రవర్తి. ఇతడు 498లో చేపట్టిన కంచు, రాగి నాణేల సంస్కరణను బైజాంటైన్ నాణేల చరిత్రకు ఆరంభముగా పలువురు చరిత్రకారులు పరిగణిస్తారు.

తొలి జీవితము

అనస్తాసియస్ డిర్రాకియం నగరంలో (నేటి అల్బేనియాలోని దుర్రెస్) జన్మించాడు. కాన్‌స్టాంటినోపుల్ రాజభవనంలో ఉద్యోగిగా పనిచేశాడు. 491లో జీనో చక్రవర్తి మరణించగా, అతని భార్య అరియాడ్నీ అరవై ఏళ్ళ వయసున్న అనస్తాసియస్‌ను సింహాసనానికి ఎంపిక చేసి, పిమ్మట వివాహమాడింది. జీనో సోదరుడు లాంజినస్‌కు రాజ్యం దక్కకపోవడంతో ఇసారియన్లు తిరుగుబాటు చేశారు. ఆ యుద్ధం 490ల చివరి వరకు సాగింది.

నాణేల సంస్కరణ

అయిదవ శతాబ్దపు చివరినాటికి సామాన్యుల చేతిలో మిగిలిన చిల్లర నాణెం నమ్మస్ ఒక్కటే. దాని బరువు సుమారు ఒక గ్రాము మాత్రమే. ఒక బంగారు సోలిడస్‌కు ఇవి వేల సంఖ్యలో ఇవ్వవలసి వచ్చేది. చిన్న కొనుగోళ్ళకు సైతం నాణేలను సంచులలో మోయవలసి వచ్చేది.

498లో ఖజానా అధికారి, పాఫ్లగోనియా వాసి అయిన జాన్ ఆధ్వర్యంలో 40 నమ్మస్‌ల విలువ గల ఫాలిస్‌ను, దానితోపాటు 20, 10 నమ్మస్‌ల నాణేలను ముద్రించారు. విలువను తెలుపుటకు వెనుకవైపు మ్యూ (40), కప్పా (20), అయోటా (10) అను గ్రీకు అక్షరాలను పెద్దవిగా ముద్రించారు. గ్రీకులో అక్షరాలే అంకెలు కావడం వలన నాణెం విలువ చూడగానే తెలిసేది. అయితే తొలి ఫాలిస్ తేలికగా ఉండేది. 512లో దాని బరువును దాదాపు రెట్టింపు చేసి, 5 నమ్మస్‌ల నాణేన్ని కూడా చేర్చారు.

498లోనే వర్తకులు, చేతివృత్తులవారిపై విధించే క్రిసార్గిరాన్ పన్నును కూడా రద్దు చేశాడు.

యుద్ధాలు, మత కలహాలు

పర్షియా రాజు కవాద్ 503లో అమిడా నగరాన్ని ఆక్రమించాడు. అనంతరం అనస్తాసియస్ సరిహద్దున దారా కోటను నిర్మించాడు. ఏకస్వభావవాదులను ఆదరించినందున 512లో రాజధానిలో అల్లర్లు చెలరేగాయి. అనస్తాసియస్ కిరీటం లేకుండా హిప్పోడ్రోమ్‌లో ప్రజల ముందుకు వచ్చి, పదవి వదులుకొనుటకు సిద్ధపడగా అల్లర్లు సద్దుమణిగాయి. 513లో సేనాని విటాలియన్ తిరుగుబాటు చేశాడు.

మరణము

అనస్తాసియస్ 518లో సంతానం లేకుండా మరణించాడు. ఖజానాలో 3,20,000 పౌండ్ల బంగారం మిగిలి ఉన్నదని ప్రోకోపియస్ వ్రాశాడు. తరువాత మొదటి జస్టిన్ చక్రవర్తి అయ్యాడు. విలువను అక్షరంతో సూచించే ఫాలిస్ నాణేలు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం చెలామణిలో ఉన్నాయి.