శ్రీ ముత్తుస్వామి దీక్షితులు – బాలసంగీతవిద్య

చెన్నపురికి ఉత్తరమున నున్న మణలి నేడు కర్మాగారములకే పేరొందినది. కాని సంగీతాభ్యాసపు తొలినాళ్లలో నొట్టుస్వరము పాడు ప్రతి బాలికయు ఆ గ్రామమునకు ఋణపడియున్నదని మా యభిప్రాయము.

1775వ సంవత్సరమున తిరువారూరులో జన్మించిన ముత్తుస్వామి దీక్షితులకు వేదము, కావ్యము, వ్యాకరణము, వీణ, గాత్రము అన్నియు బాల్యమున నొక్క యింటనే లభించినవి. తండ్రి రామస్వామి దీక్షితులే గురువు. ఆ యింట పాటకు వేరుగా బడి లేదు. వేదాధ్యయనమున స్వరము తప్పిన మంత్రము తప్పినట్లే గావున, పిల్లవాని చెవి అక్షరముతోపాటు స్వరమునకును మేలుకొనెడిది.

మణలి ముదలియార్ల యాదరమున కుటుంబ మచ్చటికి తరలివచ్చిన పిదప, చిదంబరనాథయోగి యీ యువకుని కాశికి తోడ్కొనిపోయి శ్రీవిద్య నుపదేశించెను. హిందూస్థానీ సంగీతము వారి చెవిని బడిన దచ్చటనే. తిరిగివచ్చిన పిమ్మట గురుగుహ ముద్రతో కీర్తనలు వెలువడినవి.

ఇంతటి నిష్ఠాపరులు సెయింటు జార్జి కోటలోని కంపెనీవారి బాండుమేళమును విని చెవులు మూసికొనలేదు. శంకరాభరణ స్వరములలో నిముడు ఆ దొరల మెట్లకు సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చిరి. నొట్టుస్వర సాహిత్యములను పేర నివి సుమారు 40 గలవు. గమకముల బరువు లేక, నడక తేలికయై, పసిగొంతుకలకు తగియున్నవి. తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఫిడేలు నభ్యసించి మన సంగీతమున కలవరచిరి.

మతవిద్య సంగీతమునకు చేసిన మేలును మేము కాదనము. అది ధారణ నిచ్చెను, నిత్యాభ్యాస మిచ్చెను. అయినను పుట్టుకనుబట్టి కొందరికే తలుపు తెరచెననుటయు సత్యమే. దీక్షితుల గొప్పతన మిచ్చటనే కానవచ్చుచున్నది. నట్టువ కుటుంబమునకు చెందిన తంజావూరు సోదరులు నల్వురును, తిరువారూరులోని కమలము అను నర్తకియు వారి శిష్యులే. వేదపాఠమునకు తావులేని యిండ్లకును వారి పాట చేరెను.

1835లో ఎట్టయాపురమున వారు పరమపదించిరి. బాలస్వామి దత్తపుత్రులు సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీతసంప్రదాయప్రదర్శినిని, మరుసటియేట ప్రథమాభ్యాస పుస్తకమును తెలుగు లిపిని ప్రకటించి, యింటి విద్యను లోకమున కర్పించిరి. రెండవదానిలో నొట్టుస్వరములకును చోటు దొరకెను.

భక్తి లేని పాట యేల యని కొందరు తల్లిదండ్రులు, బడిలో దేవుని పాట యేల యని మరికొందరు వాదించుచుందురు. ఉభయులును మణలివైపు ఒకసారి చూడవలెను. అచ్చట భక్తి బాలుని చెవిని తీర్చినది. పరుల మెట్టును ఆదరించినది. తలుపు మూయని భక్తియే సంగీతమునకు బడి కాదగునని మేము విన్నవించుచున్నాము.