లెక్క చూచిన వైద్యుడు: సర్ రొనాల్డు రాసు

సుంకేసుల ఆనకట్టకడ తుంగభద్రను వీడి కడప దిక్కునకు సాగు కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ సీమలను తడుపుచున్నది. దీనిని మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో దొరతనమువారు కొనిరి. ఒక ప్రక్క ఎర్రమలలు, వేరొక ప్రక్క నల్లమల, నడుమ కుందేరు. కాలువ వచ్చినచోట వరి పండును, నీరు నిలుచును, నిలిచిన నీట దోమ పుట్టును. నల్లమల క్రింది పల్లెలకు చలిజ్వరము తరతరముల చుట్టము. ఇట్టి సీమలో ఒక రోగనివారణోపాయము ఫలించినదో లేదో యెట్లు తేల్చవలెను? ఈ ప్రశ్నతో జీవితమంతయు పెనగులాడినవాడు రొనాల్డు రాసు. దోమవలన మలేరియా వచ్చునని నిరూపించినవాడుగా లోకమాయన నెరుగును. నిరూపించిన పిమ్మట ఆయన చేసిన పనిని ఎరిగినవారు తక్కువ. మా దృష్టిలో ఆ రెండవ పనియే గొప్పది.

రాసు 1857 మే 13వ తేదీన హిమాలయప్రాంతమున అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. లండనులో వైద్యవిద్య ముగించి 1881లో ఇండియను మెడికల్ సర్వీసున చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. మన విజయనగరమునను కొంతకాలము కొలువుచేసెను. ఆ దినములలో ఆయనకు వైద్యముకంటె గణితముమీదను కవిత్వముమీదను మక్కువ మెండు. సైనికవైద్యునకు గణితమేల యని తోటివారు నవ్వుకొనియుందురు. తుదకు అక్కరకు వచ్చినది అదియే.

1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అను పెద్దవైద్యుడు రాసునకు సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూపి, దోమమీద తనకు గల అనుమానమును తెలిపెను. రోగి రక్తము త్రాగిన దోమ నీట పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము సోకుననియు మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాదు చేరిన రాసు ఆ యూహను పరీక్షింపబూని, లక్ష్మణ్ అను యువకునిచేత అట్టి నీరు త్రాగించెను. పదునొకండవ నాడు వానికి జ్వరము వచ్చెను! అల్పసంతోషి యగువాడు అక్కడితో గ్రంథము వ్రాసి కూర్చుండును. రాసు అట్లు చేయలేదు. మరి పలువురితో అదే పరీక్ష సాగించెను. పెక్కుమందికి ఏమియు రాలేదు. మొదటి జ్వరము కాకతాళీయమని గ్రహించి, గురువు చెప్పిన త్రోవను విడిచెను. ఇట్టి పరీక్షలకు ఒడలప్పగించినవారు బీదలని మాత్రము మరువరాదు. కాటొక్కింటికి ఒక అణా చొప్పున కూలికి దోమలచేత కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాను. ఆయన రక్తము త్రాగిన దోమ కడుపులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రాసు మలేరియా క్రిమిని కనుగొనెను. ఒకనికి నోబెలు బహుమానము, వేరొకనికి అణాలు.

ఆ వెంటనే దొరతనమువారు ఆయనను రాజపుతానాకు బదిలీచేసిరి. 1898లో కలకత్తా చేరి, మనుష్యులు దొరకక పిట్టల మలేరియాను పట్టుకొనెను. మూడు పిచ్చుకలు: ఒకదాని రక్తమున క్రిములు దండిగా నుండెను, రెండవదానిలో కొలదిగా నుండెను, మూడవదానిలో లేవు. ఒక్కొక్కదానిని కుట్టిన పది దోమలను చొప్పున కోసి చూడగా, మొదటివానిలో 1009 క్రిమికోశములు, రెండవవానిలో 292, మూడవవానిలో శూన్యము. మూడవ పిచ్చుక లేనిచో మొదటి రెండింటి లెక్కకు విలువ సగము తరిగియుండును. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధనక్షేత్రము కలదు. క్రొత్త విత్తనము ప్రక్కనే పాత విత్తనమును అదే నేలలో వేసి చూడవలెనని మన రైతు ఎరుగును. మందుల విషయమునను మురుగునీటి విషయమునను ఆ తెలివిని మనము ఏల మరతుమో!

సూయజుకాలువ కంపెనీవారు 1902లో రాసును ఇస్మాయిలియా పట్టణమునకు పిలిపించిరి. మంచినీటి కాలువ వచ్చిన తరువాత అచట మలేరియా వ్యాపించెను. జ్వరపీడితుల లెక్క కంపెనీ పుస్తకములలో ముందే యుండుట అదృష్టము. 1902లో పదునైదు వందలకు పైబడిన కేసులు 1903లో 214కు, 1904లో 90కి దిగినవి. అదే కాలమున లాహోరు చెంత మియాన్ మీర్ దండులో ఇట్టి ప్రయోగమే జరిగెను. గుంటలు పూడ్చిరి, కిరసనాయిలు చల్లిరి. దోమలు తగ్గలేదనియు, ఉపాయము నిష్ఫలమనియు తేల్చిరి. దోమలపై వ్యయముచేయుటకు వెనుదీయువారికి ఇది మంచి సాకయ్యెను.

రాసు మండిపడెను. తన పక్షమును తానే వాదించుకొనుచున్నాడని అనుకొనవచ్చును. ఆయన కలహప్రియుడు కూడ, ఇటలీ పండితుడు గ్రాసీతో ఆయన పోరు జీవితాంతము ఆరలేదు. అయినను ఆయన అడిగిన ప్రశ్నలు న్యాయమైనవి. పని మొదలుపెట్టుటకు ముందు దోమలను సరిగ లెక్కించిరా? శుభ్రపరచిన చోటు ఎంత చిన్నది? చుట్టునున్న కాలువపొలములనుండి దోమలు ఎగిరివచ్చుచుండగా నడిమిభాగమున తరుగుదల ఎట్లు కనబడును? ఇస్మాయిలియా చుట్టు ఎడారి. మియాన్ మీరు చుట్టు తడిపొలము. ఒకచోట ఫలించినది వేరొకచోట ఫలింపకుండుటకు ఈ భేదమే చాలును. కుందేటిలోయకు పోలిక ఏదనగా ఇస్మాయిలియా కాదు, మియాన్ మీరే. మా సీమవారు మరువరానిది ఇది: ప్రయోగమే చాలనపుడు దాని వైఫల్యమును ఉపాయముమీద మోపి చేతులు కడుగుకొన్నచో, దాని ఫలము అనుభవించువారు జ్వరముతో వణకు బిడ్డలు.

దోమ ఎంతదూరము పోవునను ప్రశ్నకు రాసు గణితముతో జవాబు వెదకెను. గమ్యములేక ఇటునటు తిరుగు ప్రాణి చాలభాగము పుట్టినచోటికి చేరువనే మిగులునని 1904లో అమెరికాలో ప్రసంగించెను. పిమ్మట మారిషసు దీవికి పోయి 1907-08లో ముప్పదివేలకు పైగా పిల్లల ప్లీహములను, అనగా మన పల్లెలలో బల్ల యనునట్టి దానిని, తడవి చూపించి లెక్కగట్టించెను. ఆ దీవి చెరకుతోటలలో మన తెలుగు కూలీలును కలరు. దోమ నొక్కదానినైన మిగుల్పక చంపనక్కరలేదనియు, వాని సంఖ్య ఒక మేరకు దిగినచో వ్యాధి తనంతట నశించుననియు ఆయన సమీకరణములు తెలిపినవి. ఆ సమీకరణములు 1911లో ఆయన గ్రంథము రెండవ కూర్పున మరింత విపులముగా వెలువడినవి.

స్వతంత్ర భారతమున 1953లో మలేరియా నివారణోద్యమము మొదలయ్యెను. 1961 నాటికి కేసులు సుమారు 50 వేలకు దిగినవి; పిదప కాపుదల సడలగా 1976లో 64 లక్షలకు ఎగబ్రాకినవి.

రాసు 1911లో సర్ బిరుదము పొందెను. ముదిమిలో ధనమునకు ఇబ్బందిపడి 1928లో తన కాగితములనన్నిటిని అమ్మకమునకు పెట్టగా లేడీ హూస్టన్ రెండువేల పౌనులకు కొనెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో తన పేరు పెట్టిన వైద్యశాలలోనే మరణించెను. ఆయన కాగితములు లండనులోను గ్లాస్గోలోను భద్రముగా నున్నవి.