మారుతీ ఇంజన్‌కు రేసు రెక్కలు
షోళవరం రోజుల్లో మెరిసిన కోయంబత్తూరు తెలుగింటి బిడ్డ కరివర్ధన్

గోపాల్‌పూర్: బరంపురం మీదుగా పోయే కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి గంజాం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖ, విజయవాడ.. చుట్టాలిళ్లన్నీ ఈ దారిలోనే. ఒకప్పుడు ఐదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు. అదే రోడ్డు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోతే, చెన్నై ఇంకాస్త దూరం ఉందనగా షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే అక్కడ ఉండేది. 1950ల నుంచి 1980ల చివరిదాకా దక్షిణాదిలో కారు రేసులంటే షోళవరమే.

ఆ రన్‌వే మీద కార్లు నడిపిన వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో రాజకుమారులున్నారు, కోటీశ్వరులున్నారు. అయితే రేసు కారును మామూలు కుర్రాళ్లకు అందుబాటులోకి తెచ్చిన పేరు మాత్రం ఒకాయనకు దక్కింది. ఆయనే సుందరం కరివర్ధన్. తమిళనాడులో రేసులు చూసే వాళ్లకు ఆ పేరు చెబితే చాలు. మనవాళ్లలో మాత్రం ఆయన గురించి తెలిసింది తక్కువమందికే.

పొరుగు రాష్ట్రంలో మనలాగే..

కరివర్ధన్ 1954లో కోయంబత్తూరులో పుట్టారు. లక్ష్మీ మిల్స్ కుటుంబం. జి.కుప్పుస్వామి నాయుడు 1910లో పెట్టిన ఆ మిల్లు కోయంబత్తూరును బట్టల ఊరుగా నిలబెట్టిన వాటిలో ఒకటి. విజయనగర రాజుల కాలం నుంచి అటు వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే బరంపురం, గోపాల్‌పూర్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కోయంబత్తూరుకు ఇంకో గుణం ఉంది. అది యంత్రాల ఊరు. పొలానికి నీళ్లు తోడే మోటార్లు, మిల్లుల్లో నూలు వడికే యంత్రాలు అక్కడే తయారవుతాయి. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య బస్సు వేసి, ఆ తర్వాత ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి.నాయుడుదీ ఆ ఊరే, ఆయనా తెలుగువారే. యంత్రం పాడైతే కొత్తది కొనడం కాదు, విప్పి చూసి బాగు చేయాలన్నది అక్కడి అలవాటు. కరివర్ధన్ పెరిగింది అలాంటి గాలిలో.

డబ్బున్నోళ్ల ఆట

ఆ రోజుల్లో రేసు ఎలా ఉండేదో తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. షోళవరం రేసులు చూడ్డానికి జనం విరగబడి వచ్చేవారు. ఎండ, దుమ్ము, చెవులు చిల్లులు పడే మోత. పోటీకి దిగేవి రెండు రకాల బళ్లు. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి మన రోడ్డు కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజన్‌కు పదును పెట్టి తెచ్చేవాళ్లు కొందరు. పగలంతా ఉద్యోగం, రాత్రి షెడ్డులో స్పానర్ పట్టడం. గెలిస్తే కప్పు, లేదంటే చేతులు కాల్చుకోవడం.

రెండో రకం, విదేశాల నుంచి తెప్పించిన అసలు సిసలు రేసు కార్లు. ఒక్క మనిషే పట్టే సీటు, పైన కప్పు ఉండదు, చక్రాలు నాలుగూ ఒంటికి బయట. వీటినే ఓపెన్ వీల్ కార్లంటారు. గుజరాత్‌లోని గోండల్ రాజకుటుంబం వాళ్లు ఇలాంటివి నడిపారు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఏకంగా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారునే షోళవరంలో దింపారు.

విదేశీ వస్తువు తెచ్చుకోవాలంటే లైసెన్సులు, భారీ సుంకాలు ఉన్న కాలమది. కారు తెచ్చుకున్నా పనవదు. చిన్న గేరు పళ్లు విరిగినా మళ్లీ ఇంగ్లండ్ నుంచి రావాల్సిందే. ఫియట్‌తో రాత్రంతా కుస్తీపట్టిన కుర్రాడు ఎంత బాగా నడిపినా విదేశీ బండి ముందు దిగదుడుపే. అక్కడ నెగ్గేది చెయ్యి కాదు, జేబు.

కరివర్ధన్‌కు జేబుకు లోటు లేదు. ఆయన కూడా షోళవరంలో రేసులు నడిపినవారే. ఇంకో విదేశీ బండి తెప్పించుకుని కప్పులు ఇంట్లో పేర్చుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆయన ఆ దారి పట్టలేదు. కోయంబత్తూరులో సూపర్ స్పీడ్స్ పేరుతో వర్క్‌షాపు పెట్టి, తనే కార్లు కట్టడం మొదలుపెట్టారు.

ముందున్న ఇంజన్ వెనక్కి

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజన్. అంబాసిడర్ ఇంజన్ పక్కన పెడితే బొమ్మలా ఉంటుంది. అయితే తేలిక, నమ్మకం ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, విడిభాగాలు ప్రతి ఊళ్లో దొరికాయి. బరంపురంలో దొరికేదే కోయంబత్తూరులోనూ దొరికేది. కరివర్ధన్ కన్ను దాని మీద పడింది.

మారుతీ కారులో ఇంజన్, గేర్‌బాక్సు ఒకే ముద్దగా బానెట్ కింద అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. ఆయన ఆ ముద్దను అలాగే ఎత్తి డ్రైవర్ వీపు వెనక పెట్టించారు. అంతే, అదిప్పుడు వెనక చక్రాలను తిప్పడం మొదలుపెట్టింది. ఇనుప గొట్టాలను పంజరంలా వెల్డింగ్ చేసి చట్రం కట్టారు. పైన తొడుగు ఫైబర్‌గ్లాసుది. డ్రైవర్ దాదాపు పడుకున్నట్టు కూర్చుంటాడు. నేలకు జానెడు ఎత్తులో పరుగు.

ఈ లెక్క గోపాల్‌పూర్ నోలియాలకు ఇట్టే తెలుస్తుంది. మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పాత పడవలను అలల్లో నడిపిన వాళ్లు వాళ్లు. పడవ బరువైతే అల దాటదు, బిర్రుగా ఉంటే పగులుతుంది. అందుకే దొరికిన సరుకుతో తేలిగ్గా కట్టారు. తర్వాత ఆ పడవల చోటులోకి ఫైబర్ బోట్లు వచ్చాయి. రేసు కారులోనూ గుర్రపు శక్తి పెంచడం ఒక దారి అయితే, బరువు తగ్గించడం రెండో దారి. పెద్ద ఇంజన్ కొనలేని దేశంలో కరివర్ధన్ రెండో దారి పట్టుకున్నారు.

1980ల చివర్లో ఆ కారు పోటీలకు వచ్చింది. కాగితాల మీద పేరు ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతీ ఇంజన్. జనం నోట్లో మాత్రం ఫార్ములా మారుతీ.

బండి ఒకటే, తేడా మనిషిదే

ఇలాంటి ఆలోచన ప్రపంచంలో అంతకుముందూ ఉంది. అమెరికాలో 1960ల్లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో ఫార్ములా వీ, ఇంగ్లండ్‌లో 1967లో ఫోర్డ్ ఇంజన్‌తో ఫార్ములా ఫోర్డ్ పుట్టాయి. అందరికీ ఒకే రకం ఇంజన్ ఇస్తే ఖర్చు తగ్గుతుంది, ఎవడి సత్తా ఎంతో తేలిపోతుంది. మన దగ్గర ఆ పని చేసింది ఫార్ములా మారుతీ. దాంతో కారు రేసు పేదల ఆట అయిపోయిందని కాదు. టైర్లు, పెట్రోలు, లారీ కిరాయి అన్నీ డబ్బే. కాకపోతే రాజకుమారుడికి తప్ప దక్కని సీటు, మధ్యతరగతి కుర్రాడు కూడా కలగనేంత దగ్గరికొచ్చింది.

అప్పటికి షోళవరం పనైపోతోంది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చింది. ఆ ట్రాక్ మీద ఫార్ములా మారుతీలో తొలి అడుగులు వేసిన వారిలో కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ ఒకడు. తండ్రి జి.ఆర్.కార్తికేయన్ పేరున్న ర్యాలీ డ్రైవర్. ఓపెన్ వీల్ దారి చూపింది మాత్రం కరివర్ధన్ కట్టిన కారే.

చూడకుండానే..

1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయారు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లే. కారు కట్టడంలో చేయి తిరిగి, శిష్యులు ఒక్కొక్కరే పైకొస్తున్న సమయం.

మరుసటి ఏడాదే, 1996లో నరేన్ ఫార్ములా ఏషియా టైటిల్ గెలిచారు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యారు. చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ 2000లో ఫార్ములా మారుతీ జాతీయ టైటిల్ కొట్టి, 2010లో ఫార్ములా వన్ చేరారు. ఆ పోటీల్లో పాల్గొన్న భారతీయులు ఇప్పటికి ఈ ఇద్దరే. ఇద్దరూ మొదట కూర్చున్నది 800 ఇంజన్ బండిలోనే. ఆ రెండు రోజులూ కరివర్ధన్ చూడలేదు.

పెద్ద ట్రాకులూ వచ్చాయి. ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ జరిగి ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. తెలుగు నేల మీద అంత పెద్ద ఓపెన్ వీల్ రేసు అదే మొదలు. మరుసటి ఏడాది అదీ లేదు. కోట్లు పోసి తెచ్చిన పండగలు వచ్చాయి, పోయాయి.

నిలిచింది చిన్నదే. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో 2003లో 2.1 కిలోమీటర్ల ట్రాక్ కట్టి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. కరివర్ధన్‌లో మొదటి సగం అది. జాతీయ పోటీలు అక్కడ నడుస్తూ వచ్చాయి. ఎల్‌జీబీ ఫార్ములా 4 పేరుతో పరుగెత్తే కార్లలోనూ ఉన్నది మారుతీ ఇంజనే. వాటి చట్రం మారింది, ఇంజన్ పెద్దదైంది. బజారులో దొరికే బండి గుండె తీసి రేసు కారుకు పెట్టే పద్ధతి మాత్రం ఆయన చూపిందే.

సొంత రాష్ట్రం కాని చోట పుట్టి పెరిగిన తెలుగువాడి పేరు అక్కడి జనమే ట్రాక్‌కు పెట్టుకున్నారు. షోళవరంలో మోత ఎప్పుడో ఆగిపోయింది. చెట్టిపాళయంలో కొత్త కుర్రాళ్లు హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటూనే ఉన్నారు.