సరదా విమానమే ప్రగతికి సోపానం

విమానయానం సంపన్నుల వినోదంగా ఉన్న రోజుల్లో ఆ సరదాను దేశానికి ఉపయోగపడే సేవగా మలచిన ఘనుడు జె.ఆర్‌.డి. టాటా. 1904 జులై 29న ప్యారిస్‌లో జన్మించిన ఆయన, బాల్యంలోనే విమానంపై మక్కువ పెంచుకున్నారు. బొంబాయి ఫ్లయింగ్‌ క్లబ్‌లో శిక్షణ పొంది 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో తొలి పైలట్‌ లైసెన్సు అందుకున్నారు.

ఇంగ్లండ్‌, భారత్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపే తొలి భారతీయునికి ఆగాఖాన్‌ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 1930లో జిప్సీ మాత్‌ విమానంలో కరాచీ నుంచి బయలుదేరిన టాటాకు ఈజిప్టులో ప్రత్యర్థి ఆస్పీ ఇంజినీర్‌ తారసపడ్డారు. స్పార్క్‌ ప్లగ్‌ లేక నిలిచిపోయిన ఆ 17 ఏళ్ల యువకునికి టాటా తన వద్ద ఉన్నది ఇచ్చి పంపారు. బహుమతి ఆస్పీకే దక్కింది. అనంతరకాలంలో ఆస్పీ భారత వాయుసేనాధిపతి అయ్యారు.

1932 అక్టోబరు 15న ఒకే ఇంజిన్‌ గల పస్‌ మాత్‌లో టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్‌ మీదుగా బొంబాయికి తపాలా సంచులు తెచ్చారు. అహ్మదాబాద్‌లో విమానానికి ఇంధనం ఎడ్లబండిపై వచ్చింది. బొంబాయి నుంచి ఆయన సహచరుడు నెవిల్‌ విన్సెంట్‌ బళ్లారి మీదుగా మద్రాసుకు తపాలా చేర్చారు. ఆ సర్వీసే ఎయిరిండియాకు పునాది అయింది. 1945లో నిజాం ప్రభుత్వంతో కలిసి టాటా సంస్థ నెలకొల్పిన దక్కన్‌ ఎయిర్‌వేస్‌ బేగంపేట కేంద్రంగా పనిచేసింది. 1953లో అది జాతీయమైంది.

తొలి తపాలా ప్రయాణానికి స్వర్ణోత్సవంగా 1982లో, 78 ఏళ్ల వయసులో, టాటా మళ్లీ చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్న ఆయన 1993 నవంబరు 29న జెనీవాలో తుదిశ్వాస విడిచారు.