రాళ్ళకు సాక్షి - రాజా దీన్ దయాళ్

- బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

హైదరాబాదులో బషీర్‌బాగ్ అంటే తెలియని విద్యార్థి ఉండడు. బస్సులు ఆగే చోటు, ఆఫీసులు, ఎప్పుడూ తెగని ట్రాఫిక్. అయితే ఆ పేరు ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే మనలో చాలామంది తెల్లమొహం వేస్తాం. పైగా వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఒకప్పుడు అక్కడ ఉండేది. ఇవాళ అది లేదు. కూల్చేశారు. మిగిలింది పేరు. పేరుతో పాటు మిగిలినవి కొన్ని ఫొటోలు. ఆ భవనంలోని హాలు, షాండిలియర్లు, కుర్చీలు ఇప్పటికీ ఆ ఫొటోల్లో చూడవచ్చు. వాటిని తీసిన మహనీయుడే రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ గారు మన ప్రాంతం వారు కారు. 1844లో మీరట్ దగ్గరున్న సర్ధనా అనే ఊళ్ళో, నగల వ్యాపారం చేసుకునే జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. నేడు ఐ.ఐ.టి.గా పిలువబడుతున్న విద్యాసంస్థ అదే. చదువు ముగించుకుని 1866లో ఇండోరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరారు. అంటే కట్టడాలకు ప్లాన్లు గీయడం, ఎంత రాయి, ఎంత సున్నం, ఎంత ఖర్చు అవుతుందో లెక్కగట్టడం ఆయన పని. కెమెరా చేతికి రాకముందు ఎనిమిదేళ్ళ పాటు ఆయన చేతిలో ఉన్నవి స్కేలు, పెన్సిలు.

ఆయన జీవితంలో ఈ ఎనిమిదేళ్ళే అసలు కీలకమని నా అభిప్రాయం. వ్యవసాయం చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గట్టు తగాదా వచ్చినప్పుడు ఊళ్ళో ఎవరి మాట వారిదే. అన్న ఒకటంటాడు, తమ్ముడు ఒకటంటాడు. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి, హద్దురాయి చూపించిన తరువాత ఇక ఎవరూ నోరెత్తరు. కొలతకు ఉండే విలువ అటువంటిది. దీన్ దయాళ్ గారు కెమెరాను ఆ సర్వేయరు గొలుసులాగానే పట్టుకున్నారు.

1874 ప్రాంతంలో ఆయన ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, సెంట్రల్ ఇండియాలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆయన ఫొటోలు తీశారు. అయితే ఆయనకు చిరకాల కీర్తి తెచ్చిపెట్టినవి మాత్రం రాజుల బొమ్మలకంటే కట్టడాల బొమ్మలే అనాలి.

ఆ రోజుల్లో ఒక గుడిని ఫొటో తీయడమంటే మాటలా! మనం కెమిస్ట్రీ ల్యాబులో చేసే పనంతా ఎండలో, చెట్టు కింద, గుడారంలో చేయాలి. గాజు పలక మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరక ముందే కెమెరాలో పెట్టి, వెలుతురు చూపించి, మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి డెవలప్ చేయాలి. పది పదిహేను నిమిషాల్లో పని ముగియకపోతే పలక పనికిరాదు. మన ఎండల్లో ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు. తరువాత హైపోలో కడగాలి. అప్పట్లో బొమ్మను పెద్దది చేసుకునే సౌకర్యం దాదాపు లేదు గనుక, ఎంత పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద గాజు పలకే మోసుకుపోవాలి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలక కింద పెట్టి, సూర్యుడి ఎండలోనే ప్రింటు తీసేవారు. 1880ల నాటికి పొడి ప్లేట్లు వచ్చి శ్రమ కొంత తగ్గింది. బరువు మాత్రం తగ్గలేదు.

ఇక కట్టడాన్ని తీయడంలో మరో చిక్కు ఉంది. ఎత్తైన గోపురాన్ని నేల మీద నిలబడి చూస్తూ కెమెరాను పైకి వంచామా, ఫొటోలో గోడలు రెండూ పైన కలుసుకునేటట్టు వంగిపోతాయి. గోపురం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. దీనికి మందు ఒకటే. గాజు పలకను తూకం గుండు వేలాడేసినంత నిటారుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరపాలి. లేదా ఎదురుగా ఉన్న మేడ ఎక్కి సగం ఎత్తు నుంచి తీయాలి. నల్లగుడ్డ కింద తల దూర్చి, తలకిందులుగా కనిపించే బొమ్మలో గీతలు సరిచూసుకోవాలి. ఎండ ఏటవాలుగా పడే వేళ కోసం కాచుకోవాలి. అప్పుడే చెక్కడపు లోతు తెలుస్తుంది. నడినెత్తిన ఎండలో శిల్పమంతా చదునైన గోడే. స్తంభం పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు ఎంతో చూసేవాడికి అర్థమవుతుంది. ఇవన్నీ ఒక డ్రాఫ్ట్స్‌మన్‌కు ఒకరు చెప్పాలా? దీన్ దయాళ్ గారి ఫొటోల్లో గోడలు నిటారుగా నిలబడతాయి. రాయి రాయిగా లెక్కపెట్టుకోవచ్చు.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి ఆయన బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగారు. గ్వాలియర్ కోట, ఓర్ఛా, దతియా, ఖజురహో ఆలయాలు ఆయన పలకల మీదికి ఎక్కాయి. ఆ ఫొటోలతోనే మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల మీద గ్రిఫిన్ రాసిన గ్రంథం 1886లో వెలువడింది. సాంచీ స్తూపాన్ని కూడా ఆయన 1880ల్లో తీశారు. పడిపోయిన తోరణాలను నిలబెట్టి స్తూపాన్ని బాగుచేసిన దశాబ్దం అదే. ఆనాడు అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చరిత్రకారులకు ఆ ఫొటోలు గట్టి ఆధారం.

ఆ తరువాత ఆయన పెద్ద సాహసమే చేశారు. నిక్షేపంలాంటి సర్కారు ఉద్యోగం వదులుకుని ఫొటోగ్రఫీనే వృత్తిగా స్వీకరించారు. ఈ కాలంలో మన ఇళ్ళలో ఆ మాటంటే ఏమవుతుందో మనకు తెలుసు! ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించారు. అలా 1880ల మధ్యలో ఆయన మన నేల మీద అడుగుపెట్టారు. సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. తరువాత బొంబాయిలోనూ తెరిచారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. చార్మినార్, గోల్కొండ సమాధులు, చౌమహల్లా, ఫలక్‌నుమా, అన్నిటినీ ఆయన కెమెరా చూసింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి కూడా ఆయన్ని తన ఫొటోగ్రాఫర్లలో ఒకరిగా గుర్తించింది.

దీన్ దయాళ్ గారు ప్రభువుల ఫొటోగ్రాఫరే కదా, సామాన్యుడికి ఆయన వల్ల ఒరిగిందేమిటి అని కొందరు మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేటకు వెళ్ళిన దొరలు, కాలు పెద్ద పులి మీద పెట్టి నిలబడ్డ నవాబులు, విందులు, దర్బార్లు, ఇవి ఆయన చాలా తీశారు. వాటిమీద బతికారు కూడా. కాని ఆయనే 19వ శతాబ్దం చివరి కరువు కాలంలో, నేడు మహారాష్ట్రలో ఉన్న ఔరంగాబాద్ జిల్లాలో నిజాం ప్రభుత్వం జరిపించిన కరువు పనులను కూడా ఫొటోలు తీశారు. తీయించింది సర్కారు తాను చేసిన మేలు చూపించుకోవడానికే. ఐతే గాజు పలకకు పక్షపాతం తెలియదు. ఫలక్‌నుమా మెట్లను ఎంత స్పష్టంగా పట్టిందో, ఎముకలు తేలిన కూలీల వరుసలనూ అంత స్పష్టంగానే పట్టింది. వానను నమ్ముకుని బతికే ఇంటి బిడ్డగా నాకు ప్యాలెస్ ఫొటోల కంటే ఆ ఫొటోలే ఎక్కువ మాట్లాడతాయి. రెండూ తీసింది ఒక్క చెయ్యే, ఒక్క తూకమే. ఆయన గొప్పతనం అక్కడుంది.

1905లో ఆయన కన్నుమూశారు. మూడేళ్ళు దాటిన కొద్దికాలానికే, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి హైదరాబాదులో ఎన్నో వీధులను, ఇళ్ళను, వేలాది ప్రాణాలను తుడిచిపెట్టింది. ఆ వరదకు ముందరి నగరం ముఖం ఎలా ఉండేదో చెప్పగలిగిన సాక్షుల్లో ఆయన గాజు పలకలూ ఉన్నాయి. వాటిలో 2,800కు పైగా పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మిత్రులారా! ఈనాడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. గుడారం అక్కర్లేదు, సిల్వర్ నైట్రేట్ అక్కర్లేదు. మన ఊళ్ళలో మండువా ఇళ్ళు ఏటా కూలుతున్నాయి. పాత సత్రాలు, దిగుడు బావులు, రాతి మండపాలు రోడ్డు వెడల్పులో పోతున్నాయి. అన్నిటినీ నిలబెట్టడం మన తరం కాకపోవచ్చు. కాని ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, వాటి ముందు మనం నిలబడి దిగే ఫొటో ఒక్కటి మానుకుని, ఏటవాలు ఎండలో, కెమెరా వంచకుండా, కట్టడం మొత్తం పడేటట్టు ఒక ఫొటో తీద్దాం. ఊరి పేరు, తేదీ, ఎవరు కట్టారో పెద్దవాళ్ళనడిగి దాని కింద రాసి పెడదాం. మన కళాశాల లైబ్రరీలో అటువంటి ఆల్బం ఒకటి ఉంటే, రేపు ఆ కట్టడం లేని రోజున, అక్కడ ఏముండేదో చెప్పడానికి పేరు ఒక్కటే మిగలదు.