పసుపుపచ్చ రోల్స్ రాయిస్, ఏడో నిజాం, మా తాత

ఫస్ట్ ఇయర్‌లో ఫ్రెండ్స్‌తో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినప్పుడు అందరూ షాండ్లియర్ల కింద సెల్ఫీలు దిగుతుంటే నేను ఒక కారు దగ్గరే నిలబడిపోయా. 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. రంగు పసుపుపచ్చ. మాది సిరికొండ, నిజామాబాద్ జిల్లా. పసుపు పండించే ఇల్లు. ఏటా కళ్లంలో కొమ్ములు ఉడకబెట్టి ఆరబోస్తే నేలంతా అదే రంగు. అందుకే నచ్చిందేమో. ఫోటో తీసి, మా నిజాం కారు అని రాసి స్టేటస్ పెట్టా.

ఆ ఆదివారం ఇంటికెళితే తాత నాతో సరిగ్గా మాట్లాడలేదు. స్టేటస్ ఎవరో చూపించారంట. తాత వాళ్ల నాయిన దొర గడీలో వెట్టి చేసినోడు. ఊళ్లోకి దొర బండో అధికారి బండో వస్తే దాని ముందు దారి చూపిస్తూ పరుగెత్తాలి. కూలీ ఉండదు. అట్లా పరుగెత్తినోడి మునిమనవడు రాజుగారి కారుని మాది అని పెట్టుకుంటే ఆయనకి ఎట్లుంటుందో నాకు తట్టలేదు. ఆ కారు ఓనర్ ఎవరో సరిగ్గా తెలుసుకుందామని అప్పుడు చదవడం మొదలుపెట్టా. (నాది ఇంగ్లిష్ మీడియం బ్యాచ్, తెలుగులో తప్పులుంటే ఏమనుకోకండి.)

నిజానికి ఆ కారు ఆర్డర్ ఇచ్చింది ఏడో నిజాం కాదు, ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికి రాకముందే 1911 ఆగస్టులో తండ్రి చనిపోయాడు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి అప్పుడు 25 ఏళ్లు. గద్దె, రాజ్యం, ఖజానాతో పాటు ఆ కారు కూడా వారసత్వంగా వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, లోపల కూర్చున్న ఆయన బయటి జనానికి కనబడాలని. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ ఇంజిన్, చాసిస్ మాత్రమే చేసి ఇచ్చేది. పైన బాడీని కొనేవాళ్ల ఇష్టప్రకారం వేరే కంపెనీ కట్టేది. దీన్ని కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అందుకే ఆ కాలం కార్లు ఒకదానిలా ఒకటి ఉండవు, కొన్న మనిషిలా ఉంటాయి.

ఇప్పటి కార్లలో బాడీయే బరువు మోస్తుంది. గాలికి ఎదురు తగలకుండా, గుద్దితే ముందుభాగం నలిగి లోపలి మనిషి బతికేలా ఆకారం లెక్కలు కట్టి తీస్తారు. లెక్క ఒకటే కాబట్టి లోగో మూసేస్తే ఏది ఏ కంపెనీదో చెప్పలేం. అయినా నన్నడిగితే ఎక్కేది మాత్రం కొత్తదే. సిల్వర్ ఘోస్ట్‌ది 7.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, చప్పుడు లేకుండా నడవడంలో దానికి పేరు. కానీ అప్పట్లో బ్రేకులు వెనక చక్రాలకే. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. పోయిన వానాకాలం మా బాపు కొత్త కారు రాత్రిపూట రోడ్డు మీద ఆగిపోయింది. ఇంజిన్‌కి ఏం కాలేదు, ఒక సెన్సార్ పోయింది. ల్యాప్‌టాప్ పెట్టి చూసేవాళ్లు దొరకడానికి మూడు రోజులు పట్టింది. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నావు కదా, బాగుచెయ్యి అని అందరూ నావైపు చూశారు. తాత అయితే పాత జీపుని ఇనుప తీగతో కట్టి ఇల్లు చేర్చిన రోజులన్నీ చెప్పాడు.

మళ్లీ నిజాం దగ్గరికి. 1937లో టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని కవర్ మీద వేసింది. జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడంటారు. అదే మనిషి మాసిన టోపీతో, పాత షేర్వానీతో తిరిగేవాడు. కార్ల సంగతి ఇంకా విచిత్రం. ఊళ్లో ఎవరి కారైనా నచ్చితే, దాన్ని కానుకగా తీసుకోవడానికి ప్రభువుకి అభ్యంతరం లేదని కబురు వెళ్లేదని పుస్తకాల్లో రాశారు. అట్లా వచ్చినవి గ్యారేజీల్లోనే పడి ఉండేవి. నిజాం రోల్స్ రాయిస్‌లతో రోడ్లు ఊడిపించాడని వాట్సాప్‌లో తిరిగే కథ మాత్రం నమ్మకండి. అదే కథ ఆల్వార్ రాజు మీద, పాటియాలా రాజు మీద కూడా చెబుతారు.

నాకు ఆయన కార్లకన్నా ఆయన కాలంలో వచ్చిన బస్సులు పెద్ద సంగతి అనిపించింది. 1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం పెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ మనం పాస్ చూపించి ఎక్కే ఆర్టీసీకి మొదలు అదే. దానికి ముందు ఏడాదే, 1931లో, మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, ఇంజినీర్ అలీ నవాజ్ జంగ్. తర్వాత బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, అదీ ఇంగ్లిష్‌లో కాదు, ఉర్దూలో. దేశభాషలో పై చదువులు చెప్పొచ్చని చూపించడం గొప్పే. కానీ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకి ఆ చోటు దొరకలేదు. తాతకి ఉర్దూ అంకెలు ఇప్పటికీ వచ్చు, తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాడు. నేను ఇంగ్లిష్‌లో చదివి తెలుగు ఇప్పుడు నేర్చుకుంటున్నా. ఇద్దరికీ మధ్య డెబ్బై ఏళ్లు, కథ ఒకటే.

అదే పాలనలో రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి ఆయన సొంతం. మిగతా చోట్ల జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, వెట్టి. ఎదురు రాసిన దాశరథిని నిజామాబాద్ ఖిల్లా జైల్లో పెట్టారు, ఆయన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. ఆ ఊరి పేరు ఇందూరు, రాజు పేరు మీద నిజామాబాద్ అయింది. తాత ఇప్పటికీ ఇందూరే అంటాడు. మార్కెట్ యార్డుకి పసుపు తీసుకెళ్లినా ఇందూరుకే పోతున్నానంటాడు. ఇన్నాళ్లూ అది ముసలివాళ్ల అలవాటనుకున్నా.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. తర్వాత 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడు. 1965లో దేశ రక్షణకి అయిదు టన్నుల బంగారం దానం చేశాడని చెప్పుకుంటారు. నిజానికి పెట్టింది 425 కిలోలు, అదీ వడ్డీ వచ్చే గోల్డ్ బాండ్లలో. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిలో చనిపోయాడు. అంత్యక్రియలకి జనం విరగబడి వచ్చారు. మనవడు ముకర్రం జా బాధ్యత తీసుకుని చూస్తే గ్యారేజీలో 60 దాకా కార్లకి ఏటా పెట్రోలు, స్పేర్ పార్టుల ఖర్చు పడుతోందంట. వాటిలో నడిచేవి నాలుగే.

ఇది రాసి తాతకి చదివి వినిపించా. కార్ల దగ్గర ఏం అనలేదు. వెట్టి గురించి రాసింది తక్కువన్నాడు. బస్సుల దగ్గర మాత్రం ఆపి, తాను మొదటిసారి బస్సెక్కింది ఆర్మూర్‌లో అని, ముందు క్లీనర్ హ్యాండిల్ తిప్పితే గానీ అది కదల్లేదని చెప్పాడు. హైదరాబాద్ బస్ భవన్‌లో ఆ కాలం ఆల్బియన్ బస్సు ఒకటి ఉంది. చూద్దాం రమ్మన్నా. పసుపు అమ్ముడుపోయాక వస్తానన్నాడు.