కాలువ తవ్వించిన మిషనరీ జాన్ క్లౌ

నల్లమలకు ఇటు వైపు మన అచ్చంపేట, అమ్రాబాద్. అటు వైపు దిగి మార్కాపురం, కంభం దాటి ముందుకు పోతే ఒంగోలు. సుమారు నూటయాభై ఏండ్ల కింద ఆ ఒంగోలు సీమలో పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ గురించి ఈ సంచికలో మన యువతకు చెప్పాలనుకున్నాం. మన తండాల్లో, పెంటల్లో సేవాలాల్ మహరాజ్‌ను కొలిచే ఇండ్లున్నాయి, ఆదివారం చర్చికి పోయే ఇండ్లూ ఉన్నాయి. ఏ ఇంటి పిల్లలైనా క్లౌ జీవితం నుంచి తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. దేవుని సమయం కోసం ఎదురుచూడడం వేరు, చేతులు కట్టుకుని కూర్చోవడం వేరు.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పడుచు వయసులో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే పని చేశారు. ఆ తరువాత అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో కాలేజీలో చేరారు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. అక్కడ చదువుకుంటున్నప్పుడే క్రీస్తును నమ్మి బాప్తిస్మం తీసుకున్నారు.

అంతకు ముందే, ఆయనకు తెలియకుండానే, ఒంగోలులో ఒక ప్రార్థన జరిగింది. అమెరికన్ బాప్టిస్టు సంఘం తెలుగువారి మధ్య 1836 నుంచి పనిచేస్తున్నా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో వచ్చింది. మరుసటి ఏడాది, 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. అప్పటికి క్లౌ వయసు 17 ఏండ్లు. 1862లో మిషన్ మూసేయాలన్న మాట మళ్లీ వచ్చినా జూయెట్ వెనక్కి తగ్గలేదు. 1864 చివర్లో క్లౌ దంపతులు ఓడ ఎక్కారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. కొండ మీది ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేండ్లు పట్టింది.

క్లౌ వచ్చేనాటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద విశ్వాసి అయ్యారు. పేరయ్యది తాళ్లకొండపాడు. ఏండ్ల తరబడి యోగం అభ్యసించి సత్యం కోసం వెతికిన మనిషి. క్రీస్తును నమ్మాక తన వాళ్లందరికీ ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు పోయి చింతచెట్ల కింద కొన్ని రోజులు బోధించగా, 28 మంది బాప్తిస్మం పొందారు.

అక్కడే చిక్కు వచ్చింది. ఒంగోలులో క్లౌ నడిపే బడికి పెద్దకులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపబోమని వాళ్ల పెద్దలు చెప్పారు. ఎటు పోవాలో తోచక భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారు. ఇద్దరికీ దొరికింది ఒకే భాగం: కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం తక్కువగా చూసేవారిని దేవుడు ఎన్నుకున్నాడన్న మాట. క్లౌ మాదిగల వైపే నిలబడ్డారు.

కొత్త విశ్వాసులు చచ్చిన పశువుల మాంసం మానేశారు. ఊరి జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం వెట్టికి రామన్నారు. దాంతో చాలా ఊళ్లలో పెద్దలు వాళ్లకు నీళ్లు, పని దక్కకుండా చేశారు. దెబ్బలూ పడ్డాయి. విశ్వాసంలో దొరికిన స్వేచ్ఛ వాళ్లకు ఊరికే రాలేదు.

తరువాత 1876-78 మహాకరువు వచ్చింది. పనీ తిండీ లేక జనం చచ్చిపోతున్నారు. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం జరుగుతోంది. క్లౌ అందులో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నారు. పడుచు వయసులో నేర్చిన సర్వే పని అక్కడ అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. వేల మంది తట్టా పారా పట్టి, ఒళ్లు వంచి కూలి సంపాదించి ప్రాణాలు నిలుపుకున్నారు. సాయంత్రాలు బోధకుల మాట విని బాప్తిస్మం ఇవ్వమని అడిగినవారు ఎందరో. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదనీ, నమ్మకం నిజమో కాదో తేలాలనీ పదిహేను నెలలు ఆగారు.

1878లో కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం వెళ్లలేదు. సాయం కోసం రాలేదు, బాప్తిస్మం కోసం వచ్చామన్నారు. 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ పక్కన నిలబడి ఏర్పాట్లు చూసుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోగా ఆ సంఖ్య 9,000 దాటింది.

క్లౌ 1910 నవంబరులో అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి వెలిసింది. ఆ తెలుగు బాప్టిస్టు మిషన్ మన వైపు కూడా వచ్చింది. పాలమూరులో, నల్లగొండలో కేంద్రాలు పెట్టింది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పనిచేసింది ఆ మిషన్‌తో కలిసే.

అన్నానికి ఆశపడి నమ్మారు అనే మాట పేదల మీద ఈనాటికీ వినిపిస్తుంది. ఆ మాటకు క్లౌ వాదనతో జవాబు చెప్పలేదు. ఆకలికి పని చూపించారు, నమ్మకానికి గడువిచ్చారు, రెంటినీ ముడిపెట్టలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ దేవుణ్ణి కొలిచినా ఆ నమ్మకాన్ని ఎవరూ కొనకుండా, ఎవరూ బెదిరించకుండా చూసుకోండి. నోటిఫికేషన్ రాలేదని, సీటు దొరకలేదని కుంగిపోకండి. సమయం రాకముందు క్లౌ కాలువ తవ్వించారు. మీ చేతిలో ఇప్పుడున్న పని మీరు చేయండి. ఆ పని రేపు దేనికి అక్కరకొస్తుందో దేవునికి తెలుసు.